ఆటగాని చెవి – ప్రేక్షకుని నోరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



గ్రంథాలయపు పండుగలో ఆటలనుగూర్చిన ప్రసంగమేమని కొందరికి సందేహము కలుగవచ్చును. పుస్తకము పట్టినవానికిని, కర్ర పట్టి బంతిని తరుమువానికిని కావలసిన మూలధనము ఒక్కటే. అది అవధానము. పక్కన సంత కూడినను చదువరికి పుటలోని అక్షరము చెదరరాదు. చుట్టును వేలమంది కేకలు వేసినను ఆటగానికి బంతి చెదరరాదు. గ్రంథాలయమున నిశ్శబ్దమును పాటింపుడని గోడమీద వ్రాసియుందురు. మైదానమున అట్టి వ్రాత ఎచ్చటను లేదు. కావున ఆ గోలలో ఆడువానికి మన అరుపులు వినబడునా, వినబడినచో వానికి మేలా కీడా అని విచారించుట ఈ సభకు తగని పని కాదు.

ఈ ప్రశ్న ఆటగాండ్రనే అడిగినచో రెండు తీరుల సమాధానములు వచ్చును. ఆట మొదలైన పిదప ఏమియు వినబడదని కొందరందురు. అంతయు వినబడును, ఎవడు ఏ మాట అన్నాడో ఇప్పటికిని చెప్పగలమని మరికొందరందురు. రెండు మాటలును నిజములే. కంటికి రెప్ప ఉన్నది గాని చెవికి రెప్ప లేదు. శబ్దమంతయు చెవిని చేరియే తీరును. చేరినదానిలో ఎంత గ్రహింపవలెనో తేల్చునది మనస్సు. వ్యాపారి కొట్టులో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకములుండును. లెక్కలలోనైతే చిట్టాకెక్కిన ప్రతి పద్దును ఆవర్జాకు చేరవలెను. మనస్సు మాత్రము అట్టి గుమాస్తా కాదు. చెవి వ్రాసిన చిట్టానుండి తన పనికి అక్కరకు వచ్చు పద్దునే ఖాతాకెక్కించుకొని తక్కినదానిని విడిచిపెట్టును.

ఇది ఊహ కాదు, పరీక్షకు నిలిచిన విషయము. 1953లో కాలిన్ చెర్రీ అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల రెండు చెవులకును వేరువేరు మాటలు వినిపించి, ఒక చెవిలోని మాటలను మాత్రము వెంటవెంటనే పలుకుమనెను. వారట్లే పలికిరి. రెండవ చెవిలో ఏమి చెప్పబడెనో అడుగగా దాదాపు ఏమియు చెప్పలేకపోయిరి. 1959లో నెవిల్ మోరే అను మరియొకడు ఈ పరీక్షనే ఒక మెట్టు ముందుకు తీసికొనిపోయెను. ఆ విడిచిపెట్టిన చెవిలో వినువాని సొంత పేరు పలికించెను. అప్పుడు మూడవవంతు మంది దానిని పట్టుకొనిరి. తక్కిన మాటలన్నియు వాకిటనే ఆగిపోగా పేరు ఒక్కటి గడప దాటి లోపలికి వచ్చినది. ఈ సంగతిని సభవారు గుర్తుంచుకొనవలెను. చివరకు దీనితోనే పని పడును.

గుంటూరు మిరపయార్డును చూచినవారికి ఇది క్రొత్త కాదు. హమాలీల కేకలు, బండ్ల మోతలు, దగ్గులు, తుమ్ముల నడుమ రైతు తన సరకు ధర పలికిన గొంతును ఇట్టే పోల్చుకొనును. తక్కిన గోల వానికి గాలివంటిది.

మన సాహిత్యములో ఈ విద్యకు పేరే అవధానము. నరసరావుపేట సమీపమునగల కొప్పరమున పుట్టిన కొప్పరపు సోదరకవులు, కృష్ణా గోదావరీ మండలములందు తిరుపతి వేంకటకవులు దీనిని సభలలో మెరయించిరి. అష్టావధానమున సమస్య ఇచ్చువాడొకడు, అక్షరమును నిషేధించువాడొకడు ఉండగా, అప్రస్తుత ప్రసంగి యను వానికి మాటిమాటికి అడ్డుపడి అవధానిని దారి తప్పించుటయే పని. ఇక ఘంట కొట్టువాడు మధ్యమధ్య కొట్టుచుండును. అన్ని దెబ్బలు ఎన్నియో చివర అవధాని చెప్పవలెను. ఇందలి మర్మమును గమనింపవలెను. అవధాని చెవులు మూసికొనుటలేదు. ఘంటను వినుచున్నాడు, లెక్కించుచున్నాడు. కాని ఘంట పద్యమును తాకకుండ నిలుపుచున్నాడు. ఏకాగ్రత యనగా వినకపోవుట కాదు. వినినదానిని దాని స్థానమున ఉంచుట.

చెడుగుడు ఆటలో ఇదియే మరియొక రూపమున కనబడును. కూతకు పోవువాడు ఒక్క ఊపిరితో కూత ఆపక, అంపైరుకు వినబడునట్లు పలుకవలెను. కూత తెగినచో వాడు ఔటు. జనము ఎంత అరచినను వానికి మొట్టమొదట వినబడునది తన కూతయే. ఎదుటి గుంపునుండి పొడుచుకొనివచ్చు మాటలకు ఆ కూత ఒక దడివలె అడ్డునిలుచును. మన పెద్దలు ఇందుకే దానిని కల్పించిరని చెప్పరాదు గాని, ఆడినవారికి దాని ప్రయోజనము తెలియును.

ఇక హాకీ సంగతి. ఆ ఆట మన పల్లెలలో తక్కువయైనను తెలుగువారికి పరాయిది కాదు. హైదరాబాదు బిడ్డ ముకేష్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరముల ఒలింపిక్సులలో భారతజట్టున ఆడిరి. చిత్తూరు జిల్లానుండి వచ్చిన ఎతిమరపు రజని భారత మహిళాజట్టుకు గోలుకీపరైరి. హాకీ మైదానము పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు. గోలుకీపరు వెనుకనుండి మైదానమంతయు చూచుచు, ఎవరిని అడ్డవలెనో, ఏ పక్క ఖాళీయున్నదో రక్షకులకు కేకవేసి చెప్పుచుండవలెను. నిండు ప్రేక్షకుల ఘోషలో ఈ కేకయే మునిగిపోవును. కావున హాకీవానికి జనఘోషతో వచ్చు మొదటి చిక్కు మనస్సు చెదరుట కాదు, తనవాని మాట వినబడకపోవుట. అందుచేత పెద్ద జట్లు చేతిసైగలను అభ్యసించును. ఎడతెగక ఒకే తీరున మ్రోగు ఘోషకు చెవి కొంతసేపటికి అలవాటుపడును. మరపట్టిన మిల్లులో కూలివానికి మర చప్పుడు తెలియదు. మర ఆగినప్పుడు తెలియును. అట్లే ఆటగానికి ఘోష తెలియదు. అది తటాలున హెచ్చినప్పుడో ఆగినప్పుడో తెలియును.

ఘోషయే లేని ఆట ఎట్లుండునో లోకము 2021లో చూచినది. అంటువ్యాధి కారణమున టోకియో ఒలింపిక్సు ప్రేక్షకులు లేకయే జరిగినవి. ఆగస్టు 5వ తేదీన భారత పురుషుల హాకీజట్టు జర్మనీని 5–4తో గెలిచి, 1980 తరువాత 41 ఏండ్లకు ఒలింపిక్సు పతకమును తెచ్చినది. ఆట ముగియుటకు ఆరు సెకండ్లుండగా జర్మనీకి పెనాల్టీ కార్నరు దొరికెను. గోలుకీపరు శ్రీజేష్ దానిని ఆపెను. ఆసనములన్నియు ఖాళీ. జేజేలు లేవు, ఎగతాళి లేదు. అయినను ఆ ఆరు సెకండ్ల బరువు ఏమియు తగ్గలేదు. ప్రేక్షకుడు లేకున్నను ఆట ఆటయే. ప్రేక్షకుడు అతిథి, అతిథి వచ్చినచో ఇల్లు కళకళలాడును, రాకున్నను పొయ్యి ఆరదు.

అయినచో ఈ అతిథి వలన మేలా, కీడా? 1898లో అమెరికా పండితుడు నార్మన్ ట్రిప్లెట్ సైకిలు పందెముల లెక్కలు పరిశీలించి, ఒంటరిగా తొక్కువానికన్న పోటీగాండ్రతో తొక్కువాడు వేగముగా పోవునని కనుగొనెను. ఐనను కొన్ని పనులలో చూచువారుండగా మనుష్యుడు తడబడుచుండుటయు అందరు ఎరిగినదే. ఈ వైరుధ్యమును 1965లో రాబర్ట్ జయోంక్ విడదీసెను. బాగుగా అలవడిన పని, పదిమంది చూచుచుండగా మరింత బాగుగా సాగును. ఇంకను అలవడని పని మరింత చెడును. ఇది మనుష్యులకే గాక ప్రాణికోటికి చెల్లునని చూపుటకు 1969లో ఆయన, ఆయన సహచరులు బొద్దింకలను పరుగెత్తించిరి. తిన్నని దారిలో, తోటి బొద్దింకలు చూచుచుండగా అవి వేగముగా పరుగిడినవి. మలుపులున్న దారిలో అవియే ఆలస్యము చేసినవి. సభవారు నవ్వవచ్చును గాని, ఆ మలుపులదారిలో తడబడినది మన పిల్లవాడని తలచినచో నవ్వు ఆగును.

తిరునాళ్లలో బండలాగుడు పందెములు చూచువారికిని ఈ సంగతి తెలియును. ఏండ్ల తరబడి సాధన చేసిన ఒంగోలు జాతి ఎడ్లజత, జనము ఈలలు వేయుకొలది ఉరుకును. క్రొత్తగా కాడి మెడనుంచుకొన్న కోడెలు అదే ఈలకు బెదరి పక్కకు లాగును. రైతు కోడెలను తిట్టడు. ఇంకను జనమునకు అలవాటుపడలేదనును. పశువునకు చూపు ఈ న్యాయమును మనుష్యుని బిడ్డకు మనము చూపుచున్నామా?

సాధనచేత చెవిని గట్టిపరచుకొనవచ్చుననుటకు మన ప్రాంతముననే నిదర్శనమున్నది. ప్రకాశం జిల్లా నాగండ్లలో (ఆ ఊరు 2022నుండి బాపట్ల జిల్లాలోనిది) 1973లో పుట్టిన పుల్లెల గోపీచంద్, 2001 మార్చిలో బర్మింగ్‌హాములో చైనావాడైన చెన్ హాంగును 15–12, 15–6తో గెలిచి ఆల్ ఇంగ్లండ్ బాడ్మింటన్ విజేతయయ్యెను. పరదేశము, పరాయి జనము. ఆయన ఆట చెదరలేదు. ఆయన శిక్షణలో ఎదిగిన పి.వి. సింధు 2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్సు తుదిపోటీలో స్పెయినుదేశపు కరొలినా మారిన్‌ను ఎదుర్కొనెను. ప్రతి పాయింటునకును బిగ్గరగా అరచుట మారిన్ పద్ధతి. మితభాషిణియైన సింధుచేత గోపీచంద్ ముందుగా అకాడమీలో అందరి ఎదుట గొంతెత్తి అరచుట అభ్యసింపజేసెనని ఆనాటి పత్రికలు వ్రాసినవి. సింధు మొదటి గేము 21–19తో గెలిచి, తరువాతి రెండును 12–21, 15–21తో కోల్పోయి రజతముతో వచ్చెను. అరుపును ఎదుర్కొనుటకూడ సాధనలో భాగమేయని ఇందువలన తెలియుచున్నది.

కేకలకు లొంగువాడు ఆటగాడొక్కడే కాదు, తీర్పరికూడ. 2002లో ఇంగ్లండులో 40 మంది ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే ఆటలోని ఘట్టములను చూపిరి. కొందరికి జనఘోషతో, కొందరికి నిశ్శబ్దముగా. ఘోష విన్నవారు ఊరి జట్టుపై 15.5 శాతము తక్కువ తప్పులు పట్టిరి. వారు పక్షపాతులు కారు, లంచము తినలేదు. ఘోష వారి తూకపు ముల్లును తమకు తెలియకయే ఒక పక్కకు వంచెను. అంపైరు మనవైపు తీర్పు చెప్పవలెనని అరచువాడు తెలిసియో తెలియకయో తూనికరాళ్లను మార్చుచున్నాడు.

ఇచట ఒకరు ఆక్షేపింపవచ్చును. “నిజముగా ఏకాగ్రతయున్నవానికి ఇవియేవియు తగులవు. ద్రోణుడు చెట్టుమీది పక్షిని చూపినప్పుడు అర్జునునకు పక్షి తల తప్ప మరేమియు కనబడలేదు గదా! అట్టివాడే వీరుడు. తక్కినవారికొరకు జనము నోరు కట్టుకొనవలెనా?” అని. కథ నిజమే. కాని ఆనాడు అర్జునుని చుట్టును ఉన్నవారు గురువును, తోటి శిష్యులును. ఎగతాళి చేయు జనము కాదు. పైగా, అదే చెట్టుక్రింద నిలిచిన తక్కిన రాజకుమారులకు పక్షితోపాటు చెట్టు, గురువు, సోదరులు అందరును కనబడిరి. అర్జునుని చూపు సాధనకు ఫలము. ఫలమును విత్తునాడే అడుగరాదు.

భారతముననే మరియొక రంగమున్నది. అస్త్రవిద్యాప్రదర్శనమున కర్ణుడు ప్రవేశించినప్పుడు జనసమ్మర్దమంతయు కల్లోలపడెను. ఆ ఘోషకు కర్ణుడు చలింపలేదు. అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపెను. అప్పుడు కృపాచార్యుడు నీ కులమేది, తల్లిదండ్రులెవరని అడిగెను. వేలమంది కేకలకు వంగని ఆ తల ఒక్క ప్రశ్నకు వంగెను. పిమ్మట తండ్రియైన సూతుడు రాగా, నీకు విల్లేల, కొరడా పట్టుకొమ్మని భీముడు పరిహసించెను. తరువాత కురుక్షేత్రమున శల్యుడు అదే కర్ణునకు సారథియై, ధర్మరాజున కిచ్చిన మాటప్రకారము, హంస కాకి కథ మొదలైనవానితో ఎత్తిపొడిచి వాని తేజస్సును తగ్గింపజూచెను. సేనల సింహనాదములు, శంఖధ్వానములు చేయలేని పనికి పక్కనున్నవాని ఒక్క నాలుకను ఏర్పాటుచేసిరి. ఎట్టి శబ్దము మనుష్యుని లోపలికి పోవునో భారతకవికి బాగుగా తెలియును.

మోరే పరీక్షయు, కర్ణుని కథయు ఒకే మాట చెప్పుచున్నవి. ఘోష పైపైన పోవును. పేరు లోపలికి పోవును. పెద్ద నగరపు క్రీడారంగమున వేలమంది అరచినను అది సముద్రఘోష. ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. పల్లెలో అట్లు కాదు. ఇచట మైదానము చుట్టును నిలిచినవారు రెండువందలమందియే కావచ్చును. కాని వారిలో ప్రతి గొంతును ఆటగాడెరుగును. వారును వాని పేరెరుగుదురు, ఇంటిపేరెరుగుదురు, తండ్రి అప్పెరుగుదురు, కులమెరుగుదురు. కావున పల్లె ప్రేక్షకుడు పలికిన ఒక్క మాటకు నగరమందలి వేయి కేకలకు లేని వాడి ఉన్నది. వీడి తాతకూడ ఇంతే యన్నమాట వినబడకుండ పోదు. ఆడపిల్ల చెడుగుడు కోర్టులో దిగినప్పుడు ఆమె దుస్తులనుగూర్చి గట్టుమీదివాడన్న మాట వినబడకుండ పోదు. ఆనాడు ఆమె ఓడిపోవుట పెద్ద నష్టము కాదు. మరునాడు ఆమె మైదానమునకు రాకపోవుట నష్టము. అది ఏ స్కోరుపలకమీదను కనబడదు.

ఆట ముగిసిన పిమ్మటకూడ ఈ మాట ఆగదు. 1982 డిసెంబరు 1న ఢిల్లీలో ఆసియా క్రీడల హాకీ తుదిపోటీలో భారతదేశము సొంత జనము ఎదుట పాకిస్తానుతో 1–7తో ఓడెను. ఆనాటి గోలుకీపరు మీర్ రంజన్ నేగీమీద ఆటను అమ్ముకొన్నాడను అపనింద పడెను. ఆ మాటను ఆయన ఏండ్లకొలది మోసెను.  1998లో బాంకాకు ఆసియా క్రీడలలో స్వర్ణము తెచ్చిన పురుషుల జట్టుకును, 2002లో మాంచెస్టరు కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము తెచ్చిన మహిళల జట్టుకును గోలుకీపింగు నేర్పెను. ఆయన నిలిచెను గనుక ఈ కథ మనకు తెలిసెను. నిలువలేనివారి కథ చెప్పువారుండరు.

ఇంతకును చేయవలసినదేమి? మైదానమును గ్రంథాలయమువలె నిశ్శబ్దము చేయుమనుట కాదు. జేజేలు లేని ఆట ఉప్పులేని కూర. నాలుగు నియమములు చాలును. ఒకటి, పేరు పెట్టి పిలిచినచో మెచ్చుకొనుటకే పిలువవలెను. నిందకు పేరు, ఇంటిపేరు, కులము, తల్లిదండ్రుల ప్రస్తావన తేరాదు. రెండు, క్రొత్తగా నేర్చు పిల్లలను ముందు కొద్దిమంది ఎదుట, పిదప పదిమంది ఎదుట, ఆ పిదప తిరునాళ్ల జనము ఎదుట ఆడింపవలెను. కోడెకు కాడి అలవాటు చేసినట్లే. మూడు, అంపైరు ఈల వేసిన పిదప తీర్పు వెలువడువరకు గట్టుమీది నోళ్లు మూతపడవలెను. నాలుగు, పొరుగూరివాడు మంచి ఆట ఆడినప్పుడు చప్పట్లు కొట్టవలెను. ఆ చప్పుడు వానికి తప్పక వినబడును; ఎందుకనగా దానిని వాడు ఆశించియుండడు.

ఈ నియమములు నేర్పుటకు గ్రంథాలయముకన్న తగిన చోటు లేదు. ఈ ప్రాంతమున 1918లో వేటపాలెములో సారస్వత నికేతనము వెలసిననాటినుండి గ్రంథాలయములు మనకు అక్షరముతోపాటు మరియొకటి నేర్పినవి. పక్కవాడు చదువుకొనుచున్నప్పుడు మనము గొంతు తగ్గింతుము. వానికి భయపడి కాదు. వాని పనియందు గౌరవముచేత. ఆ గౌరవమునే నాలుగడుగులు నడిపించి మైదానపు గట్టుకు చేర్చినచో చాలును. ఆటగానికి మన మాట వినబడునా యను ప్రశ్నకు సమాధానము తేలినది. ఘోష వినబడదు, మాట వినబడును. ఏ మాట వినిపింపవలెనో తేల్చుకొనుట మన వంతు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి, నేడు ఈ సభలో ముందువరుసను కూర్చున్న బాలబాలికలు ఆడిన ఆటలనుగూర్చియు ఒక పుట వ్రాయవలసి వచ్చుగాక! ఆ పుట చదువువారు తలలెత్తి చదువుదురుగాక!

స్వస్తి.